వైరు పెడితే ఆగింది, తీస్తే నడిచింది

దెయ్యాలు లేవు. యాభై ఏళ్లుగా ఈ మాట చెబుతున్నాను, రేపూ ఇదే చెబుతాను. టోన్హీ, అంటే మంత్రగత్తె, అని పేరుపెట్టి ఒక ముసలమ్మను స్తంభానికి కట్టేసిన ఊరికి వెళ్లి, నలుగురితో తిట్లు తిని, కట్లు విప్పించినవాణ్ణి నేను. తాయెత్తులు అమ్మేవాడితో సంతలో గంటన్నర వాదించి, వాడి చేతనే ఒక తాయెత్తు విప్పించి లోపలి చిత్తుకాగితం చదివించాను.

ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. కింద రాసింది చదివి "చూశారా, చివరికి మాస్టారు కూడా నమ్మాడు" అనేవాళ్లు ఉంటారు. నేను నమ్మలేదు. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు, ఎవరి మీద చూపించాలో కూడా తెలియలేదు.

అప్పట్లో విశాఖ నుంచి కొండల్లోకి పోయే కిరందుల్ లైను మీద ఒక చిన్న రైల్వే కాలనీలో సైన్సు మాస్టారుగా పనిచేసేవాణ్ణి. కొండల్ని తవ్వి ఇనుప రాయి దింపుతున్న రోజులు. ఒక గూడ్సు దాటి ధూళి నేలకు దిగేలోపు ఇంకో గూడ్సు వచ్చేది. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి ఇటుక రంగులో ఉండేది. అన్నం గిన్నె మూత తీయాలంటే ముందు కిటికీ మూసేవాళ్లం. ఆ ఎర్రదుమ్ము వట్టి మట్టి కాదు, అందులో ఇనుము ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కాలనీలో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు. అందరికీ కలిపి ఒకటే హాలు. ఆదివారం పొద్దున అందులో ప్రార్థన, శ్రావణంలో వరలక్ష్మీ పూజ, మధ్యలో పెళ్లి విందులు. ఆ హాలు మూలగదిలో ఒక పాత కంప్యూటరు ఉండేది. బదిలీ అయి వెళ్లిపోతూ ఒక అధికారి ఇప్పించింది. కాలనీ మొత్తానికి అదొక్కటే.

దాన్ని కనిపెట్టుకుని ఉన్నది రాహేలమ్మ. స్టేషన్లో సఫాయీ పని ఆమెది. గ్యాంగ్‌మన్‌గా పనిచేసే భర్త పోయాక ఆ ఉద్యోగం వచ్చింది. డ్యూటీ అయ్యాక హాలు ఊడ్చి, పొడిగుడ్డతో కంప్యూటరు తుడిచేది. ఆమెకు అందులో ఒక్క అక్షరం కొట్టడం రాదు. కాని దుమ్ము సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. పాత జీన్సు ప్యాంట్లు కత్తిరించి, బల్ల కింద నిలబెట్టిన సీపీయూ డబ్బాకి ఒక మందపాటి తొడుగు కుట్టింది. పైన ఎర్రదారంతో చిన్న సిలువ. పొద్దున తీసేది, సాయంత్రం తొడిగేది.

ఎండలు ముదిరే ముందు ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది.

ఆమె కూతురు ఎస్తేరు. అప్పటికి ఇరవై రెండేళ్లు, దూరవిద్యలో బి.ఏ. పూర్తి చేసింది. తల్లి చనిపోయింది కాబట్టి కూతురికి రైల్వేలో ఉద్యోగం ఇస్తారు. టైపింగు పరీక్ష గట్టెక్కితే గుమాస్తా. గట్టెక్కకపోతే తల్లి పట్టుకున్న చీపురే. పరీక్ష విశాఖలో, మూడు వారాల్లో. ఆ అమ్మాయికి అక్షరాలు వచ్చు గాని వేగం లేదు. రోజుకు ఐదారు గంటలు కూర్చుంటే తప్ప రాదు.

సరిగ్గా అప్పుడే కంప్యూటరు ఆగిపోవడం మొదలైంది. పెట్టిన ఇరవై నిమిషాలకు దానంతట అదే టక్కున ఆరిపోయేది. అరగంట ఊరుకుని మళ్లీ పెడితే మళ్లీ ఇరవై నిమిషాలే. ఎస్తేరు ఒక పేజీ పూర్తి చేస్తే గొప్ప.

కాలనీకి కారణం వెంటనే దొరికింది. రాహేలమ్మ వచ్చింది! తను తుడిచిన యంత్రాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకోవడం లేదు! ఒకావిడ తెర మీద తెల్లచీర చూసింది. ఇంకొకావిడకి చీపురు చప్పుడు వినిపించింది. ఆడపిల్లల్ని హాలువైపు పంపడం మానేశారు. దినాలు పెట్టేవాళ్లూ, ప్రార్థన చేసేవాళ్లూ మామూలుగా ఏ విషయంలోనూ ఒక మాట మీద ఉండరు. ఈ ఒక్క విషయంలో ఎంత ఐకమత్యమో చూడాలి.

హాలు కమిటీకి సెక్రటరీ గూడ్సు గార్డు సన్యాసిరావు. కంప్యూటర్ని స్టేషన్ స్టోరులో పడేద్దామని మీటింగు పెట్టాడు.

"ఆవిడ బతికున్నన్నాళ్లూ ఒక్కసారైనా ఆగిందేటండి ఇది? ఆవిడ పోయింది, ఇదీ ఆగిపోతంది. ఇంకేటి కావాలి మాస్టారూ మీకు రుజువు?"

"సన్యాసిరావుగారూ, మీ గూడ్సు పట్టాలు తప్పితే, చచ్చిపోయిన మీ మావగారు తోశాడని రిపోర్టు రాస్తారా?"

"మా మావ బతికే ఉన్నాడండి. బతికుండగానే తోసీగలడు ఆ మనిషి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గర నిలబడ్డ ఎస్తేరు నవ్వలేదు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మాస్టారూ, మా అమ్మ బతికుండగా ఎవరి గుమ్మంలోకీ పిలవకుండా ఎళ్లలేదు. సచ్చాక ఈళ్ల మీద పడి ఏడిపించడానికి వొస్తాదా? మీరు సైన్సు మాస్టారు గదా, తేల్చి సెప్పండి. నాకు ఆ కంప్యూటరూ కావాల, మా అమ్మ పేరూ కావాల."

కమిటీతో పోట్లాడి ఆదివారం వరకు గడువు తీసుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి, వాళ్ల కళ్ల ముందే డబ్బా విప్పుతానన్నాను.

ఆ ఆదివారం మూలగదిలోకి వెళ్లి చూడగానే నాకు తల కొట్టుకోవాలనిపించింది. యంత్రం నడుస్తోంది, దాని మీద రాహేలమ్మ కుట్టిన తొడుగు అలాగే ఉంది. ఆమె పోయిన రోజు సాయంత్రం ఎవరో తొడిగారు. జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా చనిపోయిన మనిషి చేతిపనిని కదపకూడదట. అందుకని ముందువైపు అంచు కాస్త ఎత్తి, మీట నొక్కి, మళ్లీ దించేసేవాళ్లు. పూజలు చేసేవాళ్లు కూడా సిలువ గుర్తు ఉందని భయపడి ముట్టుకోలేదు. మే నెలలో, మందపాటి జీన్సు గుడ్డ కప్పుకుని, గాలి ఆడే దారులన్నీ మూసుకుని ఆ యంత్రం ఇరవై నిమిషాలు నడవడమే గొప్ప. ఆమె రోజూ పొద్దున దాన్ని తీసేదన్న సంగతి ఇంతమందిలో ఒక్కరికీ గుర్తురాలేదు. ఎస్తేరుకి కూడా.

తొడుగు తీసి మడిచి ఎస్తేరు చేతికిచ్చాను. డబ్బాను హాల్లో అందరి ముందూ పెట్టి మరలు విప్పాను. లోపల ఎర్రదుమ్ము చాపలా పరుచుకుని ఉంది. ప్రాసెసర్ మీద వేడిని లాగే లోహపు దిమ్మ ఉంటుంది, దువ్వెన పళ్లలాంటి రేకులతో. ఆ రేకుల మధ్య సందు లేకుండా దుమ్ము పట్టేసింది. స్కూలు నుంచి తెచ్చిన అయస్కాంతం దగ్గర పెట్టగానే ఆ దుమ్ము గొంగళిపురుగు వెంట్రుకల్లా లేచి నిలబడింది. కుర్చీలు వదిలి అందరూ ముందుకు వచ్చారు.

"ఇదీ మీ దెయ్యం," అన్నాను. "రోజూ మీ అన్నంలో పడుతున్నదే."

దిమ్మ మీది చిన్న ఫ్యాను విప్పాను. దాని వైరు చేతికి అడ్డం వస్తుంటే మడిచి, తెల్లదారంతో ముడివేసి పక్కకు పెట్టాను. మెత్తటి పెయింటు బ్రష్షుతో దులిపాను. సైకిలు పంపుతో గాలి కొట్టాను. ప్రాసెసర్ వేడిని దిమ్మకు అందించే పాత పేస్టు గీకి, దగ్గరి టౌను గీదం నుంచి తెప్పించిన కొత్త పేస్టు రాశాను. అన్నీ బిగించి మీట నొక్కాను. తర్వాత యంత్రాలకు ఊపిరి ఎందుకు కావాలో అరగంట ఉపన్యాసం ఇచ్చాను. మంచి ఉపన్యాసమే. అది పూర్తయ్యేసరికి కూడా యంత్రం ఆగలేదు. ఆ సాయంత్రం చీకటిపడేదాకా ఆగలేదు. సన్యాసిరావు వచ్చి చెయ్యి కలిపాడు.

తరువాతి తొమ్మిది రోజులు ఎస్తేరు పొద్దున తొమ్మిదికి కూర్చుంటే సాయంత్రం నాలుగు దాటాకే లేచేది. వేగం పెరిగింది. ఆడపిల్లలు మళ్లీ హాలుకి రావడం మొదలుపెట్టారు. రాహేలమ్మ తెల్లచీర గురించి చెప్పిన ఆవిడ, తను ముందే దుమ్మని అనుకున్నానని చెప్పుకు తిరిగింది.

పదో రోజు మధ్యాహ్నం మూడింటికి నేను డబ్బా మళ్లీ విప్పాను. ఈ దుమ్ములో పది రోజులకోసారి దులపాలని నేనే కదా బోర్డు మీద రాసి పెట్టింది. ఎస్తేరు ఆరు గంటలుగా టైపు కొడుతూనే ఉంది. యంత్రాన్ని అప్పుడే ఆపించాను.

తెల్లదారం కనిపించింది.

నేను కట్టిన ముడి అలాగే ఉంది. ప్రాసెసర్ ఫ్యాను వైరును నేను తిరిగి బోర్డుకు తగిలించనే లేదు. ఆదివారం నలభై మంది ముందు గొప్పగా ఉపన్యసిస్తూ, వైరు మరిచిపోయి మూత బిగించాను. డబ్బాలో కరెంటు పెట్టెకు వేరే ఫ్యాను ఉంది, దాని చప్పుడు వింటూ అంతా సరిగ్గా ఉందనుకున్నాను.

అంటే తొమ్మిది రోజులు, రోజుకు ఏడేసి గంటలు, మే నెల ఎండలో, రేకుల పైకప్పు కింద, ఆ ప్రాసెసర్ ఫ్యాను లేకుండా నడిచింది. నడవకూడదు. పది నిమిషాల్లో ఆగిపోవాలి, లేదా కాలిపోవాలి. వేలు తగిలించి చూశాను, లోహపు దిమ్మ గోరువెచ్చగా కూడా లేదు. భ్రమేమోనని ఎస్తేరును కూడా తాకి చూడమన్నాను. "సల్లగుంది," అంది.

నా తప్పు నాకు కనిపించింది. తప్పు దిద్దుకోవడం నాకు తెలుసు. ముడి విప్పి, వైరు దాని చోట తగిలించాను. ఫ్యాను బాగానే తిరిగింది. మూత వేయకుండానే కూర్చున్నాను.

ఇరవై నిమిషాలకు యంత్రం ఆరిపోయింది. దిమ్మ ముట్టుకుంటే చురుక్కుమంది.

చల్లారనిచ్చి మళ్లీ పెట్టాను. ఇరవై రెండు నిమిషాలు. వైరు ఊడదీసి, శుభ్రం చేసి, గట్టిగా తగిలించి మూడోసారి పెట్టాను. ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది, గాలి నా వేళ్లకు తగులుతూనే ఉంది, పద్దెనిమిది నిమిషాలకు ఆగింది. మీటరు తెచ్చి కరెంటు చూశాను, సరిగ్గానే ఉంది. ఫ్యాను తిరగేసి బిగించానేమోనని చూశాను, లేదు. దిమ్మ వదులైందేమోనని చూశాను, లేదు.

మర్నాడు గీదంలో కంప్యూటర్లు బాగుచేసే సాహును పిలిపించాను. వైరు సంగతి చెప్పకుండా, ఊరికే ఆగిపోతోందన్నాను. కొత్త ఫ్యాను వేశాడు. పాతికో నిమిషంలో ఆగింది. కరెంటు పెట్టె మార్చాడు. ఆగింది. అప్పుడు ఆ తొమ్మిది రోజుల సంగతి చెప్పాను.

"ఏంది మాస్టర్‌జీ, మజాక్ చేస్తున్నరా? ఫ్యాను లేకుంట ఇది పావుగంట నడ్వది."

"నడిచింది సాహూ."

"ఎండ దెబ్బ తగిలిందా ఏంది మీకు? ఇంటికి పోయి మజ్జిగ తాగుండ్రి." సంచీ సర్దుకుని మూడు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

ఇక పరీక్షకు మూడు రోజులే ఉంది. ఒక రోజంతా నా ప్రయోగాలకే పోయింది. ఎస్తేరు కుర్చీలో కూర్చుని, ఆగిపోయిన కీబోర్డు మీదే వేళ్లు ఆడిస్తోంది.

"మాస్టారూ, ఆ వైరు తీసీండి," అంది.

"కుదరదమ్మా. ఫ్యాను లేకపోతే చిప్పు కాలిపోతుంది. అప్పుడు మూడు రోజులు కాదు, మూడు నిమిషాలు కూడా ఉండదు."

"తొమ్మిది రోజులు కాలనేదు గదా."

"ఎందుకు కాలలేదో తెలియకుండా ఎలా తీస్తాను? కారణం తెలియని పని చేయడం నాకు చేతకాదు. దాన్నే మూఢనమ్మకం అంటారు. ఇన్నేళ్లూ నేను పోట్లాడింది దాంతోనే."

ఆమె కీబోర్డు మీంచి వేళ్లు తీసింది. తర్వాత గొంతు పెంచకుండా అంది.

"మీరు పోట్లాడింది ముప్పై ఏళ్లు. మా అమ్మ ఊడిసింది పదమూడేళ్లు. పరీక్ష పోతే సోమవారం నుంచి టేసన్లో ఆ పేటుపారం నానే ఊడవాల. కారణం తరవాత ఎతుక్కోండి మాస్టారూ. నాను ఊడుస్తుండగా ఎతుక్కుంటారా, టైపు కొడతుండగా ఎతుక్కుంటారా?"

సభల్లో ఎంతోమందికి ఎదురు చెప్పాను. ఆ పిల్లకు మాత్రం ఎదురు చెప్పకుండా డబ్బా దగ్గర కూర్చున్నాను.

వైరు నా చేత్తో నేనే తీశాను. నాకు భయం లేదు, ఉక్రోషమే. మీట నొక్కి గడియారం చూస్తూ నిలబడ్డాను. ఇరవై నిమిషాలు దాటాయి. గంట దాటింది. ఎస్తేరు టైపు కొడుతూనే ఉంది. నేను మధ్యమధ్య దిమ్మను తాకుతున్నాను. చల్లగా ఉంది. ఎంత చిరాకు పుట్టిందంటే, అది ఒక్కసారి వేడెక్కితే బాగుండునని కూడా అనిపించింది. వెంటనే ఆ పిల్ల ముఖం చూసి సిగ్గుపడ్డాను.

ఆ మూడు రోజులూ యంత్రం ఒక్కసారి ఆగలేదు.

ఎస్తేరు విశాఖ వెళ్లి పరీక్ష రాసింది. పాసైంది. జగ్దల్‌పూర్‌లో గుమాస్తాగా చేరింది.

ఆమె వెళ్లిన వారానికి డబ్బాను బస్సులో వేసుకుని గీదంలో సాహు కొట్టుకి తీసుకుపోయాను. అతని ఎదుటే వైరు తీసి పెట్టాం. పన్నెండు నిమిషాలకు ఆగిపోయింది. వైరు తగిలించాం. మధ్యాహ్నం నుంచి కొట్టు కట్టేసేదాకా నడిచింది. అన్ని యంత్రాల్లాగే. సాహు నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ నచ్చదు.

హాలుకి తెచ్చి అదే బల్ల కింద పెట్టాను. వైరు తగిలించి చూశాను. నడిచింది. వైరు తీసి చూశాను. పది నిమిషాలకు ఆగింది. అంటే ఇక్కడా మామూలు యంత్రమే అయిపోయింది. గదిలో ఎండ తగ్గలేదు, దుమ్ము తగ్గలేదు, నేను మార్చింది ఏమీ లేదు. తగ్గింది ఒక్కటే. ఎస్తేరు అక్కడ కూర్చోవడం లేదు.

ఆ తర్వాత చాలామందికి ఉత్తరాలు రాశాను. వేడిని కొలిచే సెన్సరు పాడై ఉంటుందన్నారు. మరి నా వేలికి తగిలిన చల్లదనం మాటేమిటి? బోర్డులో ఎక్కడో పగులు ఉంటుందన్నారు. అది ఎస్తేరు పరీక్ష తేదీ చూసుకుని పగిలి, మళ్లీ దానంతట అదే అతుక్కుందా? మీరు తేదీలు తప్పు గుర్తుపెట్టుకున్నారన్నారు. తేదీలు, నిమిషాలు నోటుబుక్కులో అప్పటికప్పుడు రాసుకున్నాను. కొందరైతే తల్లి మనసు, ఆత్మ శాంతి అని పేజీలు రాశారు. ఆ ఉత్తరాలు మాత్రం పూర్తిగా చదవలేదు.

కాలనీవాళ్లు ఇప్పటికీ ఈ కథ చెప్పుకుంటారు. వాళ్ల కథలో దెయ్యం లేదు. మాస్టారు అయస్కాంతం పెట్టి దుమ్ము చూపించాడు, యంత్రం బాగైంది, అంతే. రాహేలమ్మ పేరుకు మచ్చ పోయింది. చుట్టుపక్కల ఊళ్లలో మూఢనమ్మకాల మీద సభ పెడితే, ఆ అయస్కాంతం సంగతి చెప్పమని నన్ను పిలిచేవారు. నేను వెళ్లేవాణ్ణి కాదు. అది సగం నిజం. మిగతా సగం దాచిపెట్టి చప్పట్లు కొట్టించుకోవడం తాయెత్తులు అమ్మడం కంటే ఏం మెరుగు? పోనీ చెబుదామంటే, చెప్పిన మర్నాటికి ఆ తెల్లచీర మళ్లీ తెర మీదికి వస్తుంది.

ఈ మధ్య ఎస్తేరుకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆఫీసు సూపరింటెండెంటు. ఇదంతా రాయాలనుకుంటున్నానని, పేర్లు మారుస్తానని, వద్దంటే మానేస్తానని చెప్పాను.

"రాయండి మాస్టారూ. మా అమ్మ వొచ్చిందని మాత్రం రాయొద్దు."

"అలా ఎందుకు రాస్తానమ్మా?"

"రాలేదనీ రాయొద్దు. మీకెలా తెలుసు?"

నాకు తెలియదు.